ద్రవములో అణువు తిరుగునా? – రెండు పాఠ్య వాక్యములపై విమర్శ

"వాయువులోని అణువులు స్వేచ్ఛగా తిరుగును, ద్రవములో తిరుగజాలవు." "రెండు సమానమైన పరమాణువులు గల హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు పరారుణ కిరణములను శోషింపవు." అణువులను గూర్చిన పాఠములలో ఈ రెండు వాక్యములు తరచుగా వినవచ్చును. విద్యార్థి వీనిని వ్రాసికొనును; పరీక్షలో తిరిగి వ్రాసి మార్కులు పొందును. అంతటితో విషయము ముగిసినదని అనుకొనును.

ఈ వాక్యములు పూర్తిగా అసత్యములు కావు. అయితే రెండింటికిని ఒకే లోపము కలదు. పలుచని వాయువులో, అనగా అణువు దాదాపు ఒంటరిగా ఉన్నప్పుడు, కనబడిన దానిని ప్రమాణముగా గొని, హద్దు చెప్పకుండ, అణువులు క్రిక్కిరిసియున్న స్థితికి కూడ తీర్పు చెప్పుచున్నవి. ఇది చిన్న దోషమని ఊరకుండుటకు వీలులేదు. మొదటి వాక్యమును అక్షరాల నమ్మినవాడు ద్రవముల వర్ణపటములలో దాగియున్న సమాచారమును చదువలేడు. రెండవదానిని నమ్మినవాడు శనిగ్రహపు ఉపగ్రహమైన టైటన్ ఉపరితలము, సూర్యుని నుండి దానికి లభించు వేడిమిని బట్టి ఉండవలసిన దానికంటె, ఏల వెచ్చగా ఉన్నదో చెప్పలేడు. కావున ఈ వాక్యములు ఏ సాక్ష్యముపై నిలిచియున్నవో పరిశీలించుట అవసరము.

రేఖలు చెప్పిన సాక్ష్యము

హైడ్రోజన్ క్లోరైడు అణువులో ఒక కొన ధనావేశమువైపు, రెండవ కొన ఋణావేశమువైపు మొగ్గియుండును. ఇట్టి అణువునకు ద్విధ్రువ భ్రామకము కలదందురు. పరారుణ కాంతిలోని విద్యుత్ క్షేత్రము క్షణక్షణము దిశ మార్చుచు ఈ రెండు కొనలను పట్టి ఊపును. అందుచేత అణువు కాంతిని శోషించి మరింత గట్టిగా కంపించును. ఈ కంపన శోషణము సెంటీమీటరుకు 2886 తరంగముల వద్ద కేంద్రీకరించి యుండును. కాని అణువు కంపించుటయేగాక తిరుగుచు కూడ ఉండును. భ్రమణశక్తి క్వాంటం నియమము ప్రకారము మెట్లు మెట్లుగా మారును గనుక, వాయువులో ఈ శోషణము ఒకే రేఖగా గాక దువ్వెన పండ్లవలె ఇరువైపుల వరుసగా నిలిచిన అనేక రేఖలుగా కనబడును. రేఖకు రేఖకు నడుమ దూరము సుమారు 20 తరంగములు. సరిగా నడుమ మాత్రము ఒక పన్ను లోపించియుండును; ఏలననగా కంపనము మారునప్పుడు భ్రమణము కూడ ఒక మెట్టు ఎక్కుటయో దిగుటయో జరుగవలెనని నియమము. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎల్మర్ ఐమ్స్ 1919లో ఈ రేఖలను విడివిడిగా కొలిచి ప్రకటించెను. అణువుల భ్రమణమునకు క్వాంటం నియమము వర్తించునని చూపిన గట్టి సాక్ష్యములలో ఇది ఒకటి.

ఇప్పుడు ఇదే వాయువును ఆర్గాన్ వాయువుతో కలిపి పీడనమును పెంచుచు పోయినచో పండ్లు లావెక్కును. ఒకదానిలో ఒకటి కలిసిపోవును. లోపించిన నడుమ పన్ను స్థానములో సైతము శోషణము తలయెత్తును. హైడ్రోజన్ క్లోరైడును కార్బన్ టెట్రాక్లోరైడు ద్రవములో కరగించి చూచినచో దువ్వెన కనబడనే కనబడదు. వెడల్పయిన ఒక గుట్ట మాత్రము మిగులును. "రేఖలు పోయినవి గనుక భ్రమణము పోయినది" అను మొదటి వాక్యము ఇక్కడనుండి పుట్టినది.

తర్కములో దోషము ఇక్కడనే ఉన్నది. వీణతీగను మీటి దాని మానాన విడిచినచో దాని శ్రుతి స్పష్టముగా తెలియును. మీటిన వెంటనే వ్రేలు అడ్డుపెట్టినచో "టక్కు"మను చప్పుడే గాని శ్రుతి తెలియదు. శ్రుతి తెలియనందున తీగ కదలనే లేదనుట ఎట్టిదో, రేఖ కనబడనందున అణువు తిరుగనే లేదనుట అట్టిదే. సన్నని రేఖ ఏర్పడవలెనన్న అణువు అంతరాయము లేకుండ అనేక పర్యాయములు తిరుగవలెను. సాధారణ ఉష్ణోగ్రతలో హైడ్రోజన్ క్లోరైడు అణువు ఒక చుట్టు తిరుగుటకు సెకనులో లక్ష కోట్ల వంతున సుమారు సగము కాలము పట్టును. సాధారణ పీడనము గల వాయువులో అది ఇంకొక అణువును ఢీకొనులోపల కొన్ని వందల చుట్లు తిరుగును. ద్రవములోనో, తరచుగా ఒక చుట్టు పూర్తికాకముందే పొరుగు అణువు తగులును. రేఖను చెరిపినది భ్రమణము లేకపోవుట కాదు, భ్రమణమునకు మాటిమాటికి అంతరాయము కలుగుట.

గోర్డన్ చూపిన మార్గము

అట్లయినచో రేఖలు లేని గుట్టనుండి భ్రమణమును గూర్చి ఏమి తెలిసికొనగలము? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము 1965లో రాయ్ గోర్డన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు జర్నల్ ఆఫ్ కెమికల్ ఫిజిక్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసములో ఉన్నది. రేఖలను లెక్కించుట మాని ఆయన వేరొక ప్రశ్న వేసెను: "ఒక క్షణమున అణువు ఏ దిశకు చూచుచున్నదో, కొంత కాలము గడచిన పిమ్మట ఆ దిశ సగటున ఎంత మిగిలియున్నది?" మొదట ఈ విలువ 1, దిశ పూర్తిగా చెదరిపోయిన పిమ్మట 0. నడుమ అది తగ్గు తీరును సహసంబంధ ప్రమేయ మందురు. శోషణపు గుట్ట ఆకారమునుండి, ఫోరియర్ గణితము సహాయమున, ఈ ప్రమేయమును నేరుగా రాబట్టవచ్చును. అనగా వర్ణపటము అణువు తిరుగుడును క్షణక్షణము వ్రాసిపెట్టిన దినచర్య వంటిది.

ఆ దినచర్యలోని మొదటి పంక్తి మిక్కిలి విశేషమైనది. అతి స్వల్పకాలములో వాయువులోని అణువును ద్రవములోని అణువును ఒకే తీరున తిరుగును. తిరునాళ్ళ జనసమ్మర్దములో ఒక బాలుడు చేతులు చాచి గిరగిర తిరుగబోయినాడనుకొందము. ప్రక్కవాని భుజము తగులునంతవరకు అతడు బయలు మైదానములో తిరిగినట్లే తిరుగును. అణువు కూడ అంతే. ఈ పోలికకు ఒక హద్దు కలదు: అణువులకు పొరుగువాని బలము తాకుటకు ముందే కొంత సోకుచుండును. అయినను మొదటి అడుగు స్వేచ్ఛగానే పడును. వివిధ పరిసరములలోని కార్బన్ మోనాక్సైడు వర్ణపటములను ఈ దృష్టితో పోల్చినప్పుడు ఈ విషయము స్పష్టపడినది. చిక్కని ఆర్గాన్‌లోను, కార్బన్ టెట్రాక్లోరైడు వంటి ద్రవములలోను మొదటి భాగము ఒక్కటే. ఆ పిమ్మట దారులు చీలును.

దీనివెనుక ఉన్న కారణము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అందునదే. ఉష్ణోగ్రత యనగా అణువుల చలనశక్తికి కొలమానము. ఉష్ణోగ్రత ఒకటే అయినచో, సాంప్రదాయిక యాంత్రిక శాస్త్రము ప్రకారము, ఒక అణువు యొక్క సగటు భ్రమణశక్తి వాయువులోను ద్రవములోను ఒకటే. ద్రవము అణువు దిశను మాటిమాటికి మార్చగలదు గాని దాని సగటు వేగమును తీసివేయలేదు. కనుకనే శోషణపు గుట్ట యొక్క మొత్తము వ్యాప్తిని తగిన రీతిగా కొలిచినచో, అది ఉష్ణోగ్రతపైనను అణువు జడత్వ భ్రామకముపైనను మాత్రమే ఆధారపడుననియు, పొరుగువారి ప్రసక్తి దానిలో లేదనియు గోర్డన్ చూపెను. దువ్వెన పండ్లు కరిగినను దువ్వెన పొడవు మిగిలినదన్నమాట. పొరుగువారి ప్రభావము దీని తరువాతి కొలతలో బయటపడును. గుట్ట అంచులు ఎంత దూరము సాగినవో చూచి, అణువును త్రిప్పుటకో ఆపుటకో ప్రయత్నించు బలయుగ్మము సగటున ఎంతయో లెక్కించవచ్చును. "తిరుగునా, తిరుగదా" అను వాదమును "ఎంత అడ్డు" అను కొలతగా మార్చుటయే ఈ వ్యాసపు గొప్పతనము.

ఈ పద్ధతికిని హద్దులు కలవు

ప్రశంస ఎంత న్యాయమో హెచ్చరిక కూడ అంత అవసరము. మొదటిది: గుట్ట వెడల్పునకు భ్రమణ మొక్కటే కారణము కాదు. పొరుగు అణువుల తాకిడివలన కంపనము కూడ లయ తప్పును. అదియు వెడల్పును పెంచును. ఈ రెండింటిని వేరుచేయుటకు పరారుణ వర్ణపట మొక్కటే చాలదు. భ్రమణముతో సంబంధము లేని రామన్ పరిక్షేపణ భాగమును కూడ కొలిచి పోల్చవలెను. రెండవది: బలయుగ్మమును తెలుపునది గుట్ట అంచులు. అచ్చట శోషణము మిక్కిలి స్వల్పము. పైగా అణువులు ఢీకొన్నప్పుడు తాత్కాలికముగా పుట్టు ద్విధ్రువముల శోషణము కూడ అక్కడనే వచ్చి కలియును. కొలతలో చిన్న తప్పు ఫలితములో పెద్ద తప్పగును.

మూడవది సిద్ధాంతమునకు సంబంధించినది. గోర్డన్ 1966లో రెండు సరళ నమూనాలు ప్రతిపాదించెను. వానిలో అణువు కొంతసేపు స్వేచ్ఛగా తిరిగి, ఒక్క క్షణములో తాకిడికి లోనై, మరల స్వేచ్ఛగా తిరుగును. ఒక నమూనాలో తాకిడి తిరుగు దిశను మాత్రము మార్చును. రెండవదానిలో వేగమును కూడ మార్చును. చిక్కని వాయువులకును, బలహీనమైన ఆకర్షణ గల ద్రవములలో తేలికయైన అణువులకును ఈ చిత్రము చాల వరకు ఒప్పును. కాని నిజమైన ద్రవములో పొరుగువాడు తాకి వెళ్ళిపోవు బాటసారి కాడు, ప్రక్కనే కాపురమున్నవాడు. అతని బలము ఎడతెగక పనిచేయుచుండును. బలమైన ఆకర్షణలు గల ద్రవములకు ఈ నమూనాలు చాలకపోవుటకు ఇదియే కారణము.

డిబై చిత్రము

గోర్డన్‌కు అర్ధ శతాబ్దము ముందే పీటర్ డిబై దీనికి ఎదురు కొసనుండి ఆలోచించెను. 1913లో ఆరంభించి, 1929లో ధ్రువాణువులపై వ్రాసిన గ్రంథములో ఆయన విస్తరించిన సిద్ధాంతము ప్రకారము, ద్రవములోని అణువు తేనెలో పడిన చిన్న గోళము వంటిది. అది ఎన్నో అతి చిన్న కుదుపులకు లోనై కొంచెము కొంచెముగా దిశ మార్చును. రేడియో, సూక్ష్మతరంగముల వద్ద ఈ సిద్ధాంతము ఘనవిజయము సాధించినది. నీటి అణువుల దిశలు చెదరుటకు 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సెకనులో లక్ష కోట్ల వంతులు సుమారు 8 పట్టునని మనకు తెలియుటకు ఈ సిద్ధాంతమే దారిచూపినది. చిన్న అణువుల ద్రవములో పెద్ద అణువు తిరుగు తీరునకు ఈనాటికిని ఇది ఉపయోగపడుచున్నది.

కాని ఈ చిత్రములో అణువునకు జడత్వము లేదు. తగిలినవెంటనే కదలి, తగలనివెంటనే ఆగును. ఈ లోపము పరారుణ ప్రాంతములో బయటపడును. డిబై సూత్రమును అక్కడకు పొడిగించినచో శోషణము ఎంత దూరము పోయినను తగ్గనే తగ్గదు; నిజమైన ద్రవములో అది తగ్గితీరును. సూక్ష్మతరంగ కొలతలను, కాంతి వక్రీభవన కొలతలను పోల్చి, నడుమ లెక్కకురాని శోషణ మొకటి ఉండవలెనని 1955లో పోలే సూచించెను. ఆ తరువాత దూర పరారుణ కొలతలలో అది కనబడినది. పొరుగువారి పంజరములో చిక్కిన అణువు ఉయ్యాలవలె ఇటునటు ఊగుటయే దానికి ముఖ్య కారణము.

డిబై చిత్రమునకు అన్నిటికంటె ప్రసిద్ధమైన ఉదాహరణ నీరు. చిత్రమేమనగా, నీటిలోనే "చిన్న అడుగులు" అను భావన నిలువలేదు. 2006లో లాజ్, హైన్స్ అను శాస్త్రజ్ఞులు కంప్యూటరు గణనల ఆధారమున ఒక విషయము చూపిరి. నీటి అణువు తన హైడ్రోజన్ బంధమును ఒక పొరుగునుండి వేరొక పొరుగునకు మార్చుకొనునప్పుడు సగటున సుమారు 60 డిగ్రీల మేర ఒక్క గంతు వేయును. గంతుకు గంతుకు నడుమ ఉన్నచోటనే ఊగుచుండును.

మూడు అణువులు, మూడు తీర్పులు

మొదటి వాక్యమునకు నీరు ఒక కొసన సాక్ష్యమిచ్చునది. నీటి అణువు స్వేచ్ఛగా తిరుగదనుట చాల వరకు నిజము. నడుమ కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ క్లోరైడు వంటివి ఉన్నవి. ఆర్గాన్ వంటి మెత్తని పరిసరములో ఇవి అంతరాయముతో తిరుగును. రెండవ కొసన హైడ్రోజన్ ఉన్నది. అది మొదటి వాక్యమును పూర్తిగా త్రోసివేయును.

1928లో కలకత్తాలో రామన్ ఫలితము వెల్లడియైనది. మరుసటి సంవత్సరమే టొరాంటోలో మక్లెనన్, మక్లౌడ్ అనువారు ద్రవ హైడ్రోజన్‌పై ఆ ప్రయోగము చేసిరి. అత్యంత శీతలమైన ఆ ద్రవములో సెంటీమీటరుకు 354, 588 తరంగముల మార్పుతో రెండు రేఖలు కనబడినవి. అవి వాయువులోని హైడ్రోజన్ అణువు భ్రమణమునుండి రావలసిన విలువలే. ద్రవమైనను అణువులు స్వేచ్ఛగా తిరుగుచున్నవి! హైడ్రోజన్ పరమాణువులు మిక్కిలి తేలిక గనుక దాని భ్రమణశక్తి మెట్లు చాల ఎత్తయినవి. పొరుగు అణువుల బలహీనమైన పట్టు ఆ మెట్లను చెరుపలేదు. ఘన హైడ్రోజన్‌లో సైతము అణువులు తిరుగుచునే ఉండును. పైన చెప్పిన సాంప్రదాయిక లెక్కలు ఇక్కడ పనికిరావు. క్వాంటం లెక్కయే కావలెను. మూడు అణువులకు మూడు తీర్పులు వచ్చినప్పుడు "ద్రవములో" అను ఒక్క మాటతో తీర్పు చెప్పుట ఎట్లు న్యాయమగును?

రెండవ వాక్యము

హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ అణువులలో రెండు కొనలును సమానము, ద్విధ్రువము లేదు, కాంతికి పట్టు దొరకదు. ఒంటరి అణువు విషయములో ఈ వాదము సాధారణ కొలతలకు సరియైనదే. కాని 1949లో అదే టొరాంటో నగరమున క్రాఫర్డ్, వెల్ష్, లాక్ అను శాస్త్రజ్ఞులు గట్టిగా నొక్కిపెట్టిన ఆక్సిజన్, నైట్రోజన్ వాయువులలో పరారుణ శోషణమును కనుగొనిరి.

ఇది ఎట్లు జరిగినది? నైట్రోజన్ అణువు మొత్తముమీద ఆవేశము లేనిదే అయినను దాని ఆవేశము గోళాకారముగా పరచుకొని లేదు. అందువలన దానికి అతి సమీపమున ఒక బలహీనమైన విద్యుత్ క్షేత్రము ఉండును. ప్రక్కకు వచ్చిన అణువును ఆ క్షేత్రము కొంచెము అటునిటు లాగి, తాకిడి జరుగు ఆ కొద్ది కాలము, జంటకు ఒక ద్విధ్రువమును కల్పించును. అణువు తిరిగినప్పుడు ఆ ద్విధ్రువమును మారును. కాంతికి పట్టు దొరకును. ఇది ఒక అణువు చేయు పని కాదు, జంట చేయు పని. అందుచేతనే ఈ శోషణము సాంద్రతకు గాక సాంద్రత వర్గమునకు అనుపాతముగా పెరుగును. సాంద్రత 100 రెట్లయినచో శోషణ గుణకము 10,000 రెట్లగును. మరింత చిక్కని ద్రవములలో ఒక అణువును అనేకులు చుట్టుముట్టి ఒకరి ప్రభావము నొకరు కొంత కొట్టివేయుదురు గనుక ఈ లెక్క అంత సూటిగా సాగదు.

పొరుగు అణువు పాత్ర ఎంత చిత్రమో గమనింపుడు. హైడ్రోజన్ క్లోరైడు విషయములో అది ఉన్న రేఖలను చెరిపినది. నైట్రోజన్ విషయములో లేని శోషణమును కలిగించినది.

ఈ విషయము ప్రయోగశాలకే పరిమితము కాదు. యురేనస్, నెప్ట్యూన్ గ్రహముల కాంతిలో క్యూపర్ గుర్తించిన ఒక శోషణము హైడ్రోజన్ తాకిడులవలన కలిగినదేనని 1952లో హెర్జ్‌బర్గ్ నిరూపించెను. ఇక టైటన్ సంగతి. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక అక్కడ దిగినప్పుడు ఉపరితలపు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 179 డిగ్రీల సెంటీగ్రేడు. పీడనము భూమిపై ఉన్న దానికి సుమారు ఒకటిన్నర రెట్లు. వాతావరణములో అత్యధిక భాగము నైట్రోజన్, తరువాతిది మీథేన్, హైడ్రోజన్ స్వల్పము. అంతటి చలిలో నేల వెలువరించు వేడిమి దూర పరారుణ ప్రాంతములో ఉండును. అచ్చట ఈ అణువులు ఒంటరిగా దానిని ఇంచుమించు పట్టలేవు, జంటలుగా పట్టును. 1991లో మక్కే, పొల్లాక్, కూర్టిన్ వేసిన లెక్క ప్రకారము ఈ శోషణము ఉపరితలమును సుమారు 21 డిగ్రీలు వేడిచేయుచున్నది. పైనున్న మబ్బుపొర సుమారు 9 డిగ్రీలు చల్లబరచుచున్నది. మిగిలిన లాభము 12 డిగ్రీలు. "నైట్రోజన్ పరారుణమును శోషింపదు" అను వాక్యముతో ఈ లెక్క వేయుట అసాధ్యము.

అయితే అత్యుత్సాహము కూడదు. భూమి వాతావరణములో నైట్రోజన్, ఆక్సిజన్ జంటల శోషణము ఉన్నను అది చాల బలహీనము. ఇక్కడ వేడిమిని పట్టియుంచు ప్రధాన కార్యము నీటియావిరి, కార్బన్ డయాక్సైడు మొదలగు వానిదే. దీనిని మరచి, నైట్రోజన్ కూడ శోషించును గనుక కార్బన్ డయాక్సైడు లెక్కలోనికి రాదని వాదించుట మొదటి తప్పుకంటె పెద్ద తప్పు.

పాఠము ఎట్లు చెప్పవలెను?

ఈ వాక్యములను పాఠమునుండి తొలగింప నక్కరలేదు. హద్దు చేర్చిన చాలును. "పలుచని వాయువులో అణువు తాకిడికి తాకిడికి నడుమ అనేక పర్యాయములు తిరుగును గనుక భ్రమణ రేఖలు విడివిడిగా కనబడును, ద్రవములో ఎంత తిరుగగలదో అణువును బట్టి, దాని పొరుగును బట్టి ఉండును." "సమాన పరమాణువుల జంటయైన అణువు ఒంటరిగా ఉన్నప్పుడు పరారుణమును ఇంచుమించు శోషింపదు. ఇతర అణువులతో తాకిడి జరుగునప్పుడు శోషించును." వాక్యములు కొంచెము పొడవైన మాట నిజమే. కాని ఇట్లు నేర్చుకొన్న విద్యార్థి ప్రతి నియమము వినగానే "ఇది ఏ స్థితిలో నిజము?" అని అడుగుటకు అలవాటుపడును. ఆ ప్రశ్నకు తరగతిలో చోటిచ్చుట ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.